ఎదురుమొండి ట్యూను

శామ్యూల్ రాజ్ నాదీ అని చెప్పుకోడానికి లోకంలో ఉన్నది ఒకే ఒక్క పాట. దానిమీదా ఇంకొకరి పేరే ఉంది.

బందరు చర్చిలో కీబోర్డు నేర్చుకుని, రాక్ పియానో వాయిస్తానంటూ హైదరాబాదు వెళ్ళినవాడు. సొంత బ్యాండు మూడు షోలకే చీలిపోయింది. ఆపైన స్టూడియోల్లో ఎవరు పిలిస్తే వాళ్ళకి వాయించాడు. ఒకరోజు సంగీత దర్శకుడికి ట్యూను తట్టక తల పట్టుకుంటే, శామ్యూల్ ఎప్పటినుంచో తన నోట్లో నానుతున్నది ఒకటి వాయించి పాడాడు. ట్యూనుకి ఉత్తుత్తి మాటలేవో పెట్టాలి కదా, వాళ్ళమ్మ పుట్టిన లంక పేరు నోటికొచ్చింది. "ఎదురుమొండీ, ఎదురుమొండీ" అన్నాడు. పాట రాసే పెద్దమనిషికి అది ఊరని తెలీదు. ఎదురుచెప్పే మొండిపిల్ల అనుకుని మురిసిపోయి, అలాగే ఉంచేశాడు. పాట ఊళ్ళన్నీ ఊపేసింది. తెరమీద మన శామ్యూల్ పేరు కీబోర్డు వాళ్ళ వరసలో కూడా పడలేదు.

పన్నెండేళ్ళు ఆ మంటతోనే బతికాడు. గుడివాడ ఆర్కెస్ట్రాలో చేరి, పెళ్ళిళ్ళలో ఆ పాటే వాయిస్తూ, సంగీతకారుల సంఘానికి అర్జీలు పెట్టాడు. చివరికి వాళ్ళు కాస్త మెత్తబడి, సినిమాకి ముందే ఆ ట్యూను మీ నోట విన్నవాళ్ళు ఒక్కరున్నా వీడియోలో చెప్పించి పంపండి అన్నారు.

ఒక్కరున్నారు. పిన్ని రావమ్మ, అమ్మకి చెల్లెలు, ఎదురుమొండిలోనే ఉంటుంది. సినిమాకి ఏడాది ముందు, క్రిస్మస్‌కి ఆవిడ ఇంట్లో పాడాడు.

ఏటిమొగ రేవులో పంటు పడవెక్కి ఏరు దాటి వెళ్ళేసరికి, రావమ్మ అరుగుమీద ఎండుచేపలు ఏరుతోంది. శామ్యూల్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"ఆ క్రిస్మస్‌కి నేనిది పాడానా లేదా, అంతే చెప్పు పిన్నీ."

"పాడలేదా మరి? నేనూ కలిసి పాడాగా."

"నువ్వెలా పాడావు? అప్పటికది ఎవరికీ తెలీదుగా."

"భలేవాడివే. మా నాయన పడవకి గెడ వేస్తూ పాడేవాడు. అవతలి రేవులో ఉన్నవాళ్ళకి వినపడాలని ఊరి పేరు పెట్టి కేకేసేవాడు. మీ అమ్మ నిన్ను ఉయ్యాల్లో వేసి పాడింది అదేగా."

చేపలు ఏరుతూనే మొత్తం పాడింది. తను కట్టానని శామ్యూల్ ఇన్నేళ్ళూ గర్వపడిన మలుపు, చివర్న కిందికి జారేది, అదీ పాడింది. అతనికి ఏడుపొచ్చింది. దొంగా, దొంగా అని పన్నెండేళ్ళు అరిచినవాడి దగ్గర ఎత్తుకుపోవడానికి అసలేమీ లేదు.

"నేను సొంతంగా కట్టింది ఏదైనా విన్నావా పిన్నీ?"

రావమ్మ ఇంకో చేప ఏరి పక్కన పెట్టింది. "చర్చిలో వాయించేవాడివి కదయ్యా. బాగానే వాయించేవాడివి."

వీడియో ఆపేశాడు. తిరుగు పంటులో ఉండగా ఆర్కెస్ట్రా హరిబాబు ఫోను చేశాడు.

"శామ్యూల్ గారూ, సాయంత్రం బంటుమిల్లిలో రిసెప్షన్. ముందు మీ పాటే కావాలంటున్నారు."

"అది నా పాట కాదండీ."

హరిబాబు పకపకా నవ్వాడు. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒప్పుకున్నారు. ఆరింటికల్లా వచ్చేయండి."