మొదటి రౌండులో జెవాన్ పేరు

కాలేజీ ఆటగాళ్లను అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజు దగ్గర పడింది. లూసియానాలోని ఆ చిన్న ఊళ్లో, ఆల్టన్ మంగలి షాపులో ఒకటే చర్చ: మొదటి రౌండులో మన రాష్ట్రం జట్టు ఎవర్ని తీసుకుంటుంది? ఆల్టన్‌కు అనుమానమే లేదు. తన చెల్లెలు వెర్నెల్ కొడుకు జెవాన్‌నే. తండ్రి లేని వాడికి మొదటి బంతి కొనిచ్చింది తనే.

రేడియోలో ఆటల కబుర్లు చెప్పే పర్విస్ ఓ రోజు గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు.

"ఈసారి నా జోస్యం మీ మేనల్లుడి మీదే. కాకపోతే వాడికి పట్టుదల తక్కువని కొందరంటున్నారు."

ఆల్టన్ చేతిలో కత్తి ఆగింది. "ఎవడా కూత కూసింది? పోయిన ఎండాకాలం ప్రాక్టీసులో పరిగెడుతూ పరిగెడుతూ కుప్పకూలిపోయాడు. కాసేపు ఒళ్లు తెలియలేదట. లేచి, కాలు జారిందని కోచ్‌కి చెప్పి మళ్లీ ఆడాడు. అదీ మావాడంటే."

మర్నాడు పర్విస్ ఆ సంగతిని మెచ్చుకోలుగానే రేడియోలో చెప్పాడు. మన జట్టు జెవాన్‌ని తప్ప ఇంకెవర్నీ తీసుకోదని బల్ల గుద్దాడు. షాపులో చప్పట్లు మోగాయి.

ఆ మాట జట్టు డాక్టరు చెవిన కూడా పడింది. జెవాన్‌ని పిలిపించి మళ్లీ పరీక్షలు చేశారు. గుండె కండరం మందమవుతోందని తేలింది. ఇంకోసారి అలా పడితే లేవకపోవచ్చు, ఇక ఆట మాట మరిచిపొమ్మన్నారు.

విందు కోసం మాట్లాడుకున్న చర్చి హాలును వెర్నెల్ వద్దనేసింది. ఎంపిక రోజు సాయంత్రం ముగ్గురే టీవీ ముందు కూర్చున్నారు. చూసి తీరాలని జెవాన్ పట్టుబట్టాడు. జట్టు వంతు వచ్చింది. ఎవరో ఒహాయో కుర్రాడి పేరు పిలిచారు. అతను తల్లిని కావలించుకుని ఏడ్చాడు.

"వీణ్ణి నేను రెండుసార్లు పడగొట్టాను," అన్నాడు జెవాన్.

వెర్నెల్ అతని వీపు నిమిరింది. "దేవుడే మీ మామయ్య నోట ఆ మాట పలికించాడురా. లేకపోతే ఏ మైదానంలోనో..."

"తెలుసమ్మా. డాక్టరూ అదే అన్నాడు, పాస్టరుగారూ అదే అన్నారు. నేను మామయ్యకి దండం పెట్టుకోవాలట." ఆల్టన్ వైపు తిరిగాడు. "నేను పడిపోయిన సంగతి నీకొక్కడికే చెప్పాను కదా."

"ఇలా అవుతుందని తెలిసుంటే..."

"తెలిసుంటే చెప్పేవాడివి కాదా, మామయ్యా?"

అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. జెవాన్ టీవీ కట్టేసి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

వేసవి దాటకముందే హ్యూస్టన్‌లో ఏదో గోదాములో కాపలా పని చూసుకుని వెళ్లిపోయాడు. ఆదివారాలు తల్లికి ఫోన్ చేస్తాడు. మామయ్య ఊసెత్తడు.

"వాడు బతికున్నాడు, అన్నా. అంతకంటే ఏం కావాలి?" అంది వెర్నెల్ ఓసారి.

"నాతో మాట్లాడకపోతే మాననీ. వేళకి తింటున్నాడా?"

"తింటున్నానంటాడు."

ఆల్టన్ తలూపి, కుర్చీ మీద వెంట్రుకలు దులపసాగాడు.