మూడు గంటల మోటారు

మా అన్నయ్య పోయిన రెండు నెలలకి, కాలవలో కట్టేసి ఉన్న అతని పడవలో నీళ్లు తోడే మోటారు దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది. సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి. గుర్రుమని ఒక నిమిషం తిరిగి ఆగుతుంది, కాసేపు ఊరుకుని మళ్లీ ఒక నిమిషం. నాలుగయ్యేసరికి ఇక ఉండదు. వాళ్ల ఇంటి వెనక గుమ్మం దిగితే కాలవే. వంటగది కిటికీకి పడవ పది అడుగుల దూరంలో ఉంటుంది. అందుకని ఆ చప్పుడు మొదట విన్నది మా వదిన.

ఫోన్ చేసి చెప్పింది. గొంతులో భయం లేదు, ఏడుపూ లేదు. "ఇంజనీరూ, మీ అన్నయ్య వచ్చి వెళ్తున్నారు," అంది. దుకాణంలోంచి అన్నయ్య భోజనానికి వచ్చే వేళ అదే. నేను చేతిలో పని పక్కన పెట్టేశాను. దయ్యమని భయపడి కాదు. ఆ మోటారు బిగించింది నేను. అది ఎందుకు తిరుగుతోందో నాకు తెలుసు.

నేను ఇంజనీరునేం కాదు. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం నాది. ఆ పేరు అన్నయ్య పెట్టింది. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి మళ్లీ బిగిస్తే నా చేతిలో మూడు మరలు మిగిలాయి. "మా ఇంజనీరు గడియారం బరువు తగ్గించాడు" అన్నాడు ఇంటికొచ్చిన వాళ్లందరితో. పేరు అతుక్కుపోయింది. ఎవరైనా నా పనిలో తప్పు చూపిస్తే ముక్కు మీదికి కోపం రావడం కూడా అప్పటినుంచే.

అన్నయ్యది కళ్లద్దాల దుకాణం. అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని. వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోడు. అలాంటివాడు ఐదేళ్ల కిందట ఒక పాత చెక్క పడవ కొని, బాగుచేసే పని నా చేతిలో పెట్టాడు. పడవలు కట్టేవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. తమ్ముడు ఉండగా వాళ్లెందుకు అన్నాడు. ఆ మాటకి నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

ఎనిమిది నెలలు ఆ పెరట్లో, దిమ్మల మీద ఎక్కించిన పడవ చుట్టూ తిరిగాను. నా ఘనకార్యాలు చెప్పుకుంటే సిగ్గుచేటు. హారన్ నొక్కితే దీపం వెలిగేది, దీపం మీట వేస్తే హారన్ మోగేది. కూర్చునే బల్లకి వేసిన మర పొడుగెక్కువై అడుగున డీజిల్ ట్యాంకులోకి దిగింది. స్టీరింగు తాళ్లు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగించాను. ఇటు తిప్పితే పడవ అటు పోయేది. అన్నయ్య నన్నేమీ అనలేదు. నెల రోజులు అలాగే తిరకాసుగా నడిపాడు. తర్వాత ఓ రోజు "అదే సర్దుకుందిరా" అని కబురు చెప్పాడు. స్టీరింగు దానంతట అది సర్దుకోదని మోటార్లు విప్పేవాణ్ణి, నాకు తెలియదా? అయినా నమ్మాను. నమ్మడం హాయిగా ఉండేది.

ఇవన్నీ ఒక ఎత్తు, రంధ్రం ఒక ఎత్తు. చాలా చెక్క పడవల్లో అడుగున కాస్త నీరు చేరుతుంది. దాన్ని తోడి బయటికి పోయడానికి వెనక వైపు, నేల పలకల కింద గుంటలో చిన్న మోటారు పెడతారు. నీరు చేరితే పక్కనున్న తేలే బిళ్ల పైకి లేచి మోటారుని తిప్పుతుంది. నీరు పోగానే అది దిగుతుంది, మోటారు ఆగుతుంది. ఆ నీరు బయటికి పోయే పైపు కోసం పడవ పక్కన రంధ్రం వెయ్యాలి. ఆ రంధ్రం కాలవ నీటికి జానెడు పైన ఉండాలి. నేను పాత రంగు మీద నీటి మరక చూసి, దానికి పైన జానెడు కొలిచి మరీ వేశాను. ఆ మరక పాత ఇంజను రోజులది. కొత్త ఇంజను దానికి రెండింతల బరువు. పడవ నీళ్లలోకి దిగగానే వెనక భాగం కుంగి, నా రంధ్రం నీటి కిందికి పోయింది. ఇక మోటారు నీళ్లు బయటికి తోయడం, అది ఆగగానే అదే పైపులోంచి కాలవ నీళ్లు లోపలికి రావడం, బిళ్ల లేవడం, మళ్లీ మోటారు తిరగడం.

పడవ దింపిన రోజు చుట్టాలందరూ గట్టు మీద ఉన్నారు. అన్నయ్య వంగి చూసి, నా చెవి దగ్గరికొచ్చి మెల్లిగా, "రంధ్రం కాస్త కిందికి పడిందేమోరా" అన్నాడు. ఆ మాట ఇంకెవరికీ వినపడలేదు. అందరికీ వినపడేలా అరిచింది నేను. పాత చెక్క, నానితే సర్దుకుంటుందన్నాను. నమ్మకం లేనివాడివి నన్నెందుకు పిలిచావన్నాను. అద్దాలు తుడుచుకునేవాడికి పడవ సంగతి ఏం తెలుసన్నాను. ఆ చివరి మాట అని ఉండకూడదు.

ఆ తర్వాత మేం కలుసుకోని వారం లేదు, ఆ రంధ్రం మాట ఎత్తిన రోజూ లేదు. నేను అందులో కాలు పెట్టలేదు. అన్నయ్య గుండెపోటుతో దుకాణంలో కూర్చున్న కుర్చీలోనే పోయాడు. తప్పు నాదే అన్న ఒక్క మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఆయన ఉండగా ఈ చప్పుడు ఒక్కసారీ వినలేదని వదిన అంది. దానికీ నా దగ్గర జవాబు ఉంది. అన్నయ్య రోజూ మూడింటికి ఇంటికొచ్చి, భోజనానికి ముందు పడవలోకి దిగి అరగంట గడిపేవాడు. పెళ్లాం కన్నా పడవే ఎక్కువైందని మేమంతా ఆట పట్టించేవాళ్లం. అంటే నా రంధ్రంలోంచి వచ్చిన నీళ్లు నాలుగేళ్లు చేత్తో తోడి పోశాడన్నమాట. తోడేవాడు పోయాడు కనక మోటారు తిరుగుతోంది. మరి మూడింటికే ఎందుకు? ఎండకి చెక్క విచ్చుకుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ముసురు పట్టిన వారం కూడా అది మూడింటికే తిరిగింది. ఆ వారం నాకు నేను ఏమీ చెప్పుకోలేదు.

వదినకి చెబుదామని రెండుసార్లు వెళ్లి, చెప్పకుండా వచ్చేశాను. ఆమె మూడయ్యేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కంచం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చప్పుడు మొదలవగానే మాట్లాడేది. గ్యాస్ అయిపోయిందని, పక్కింటావిడ గిన్నె ఇంకా తిరిగివ్వలేదని, మోకాలు కాస్త నయమని. మోటారు ఆగితే ఆగేది, తిరిగితే అందుకునేది. రెండు నెలలు మెతుకు ముట్టని మనిషి ఆ చప్పుడు తోడుంటే కంచం ఖాళీ చేస్తోంది. నిజం చెబితే ఆమె మొగుణ్ణి రెండోసారి చంపినవాణ్ణి అవుతాను. చెప్పకుండా ఊరుకుంటే, బ్యాటరీ అయిపోయిన రోజున మోటారు ఆగి, పడవ నిండి, ఆమె కిటికీ ఎదురుగానే మునుగుతుంది.

నాలాంటివాడు ఏం చేస్తాడు? మూడో దారి వెతుకుతాడు. ప్రతి ఆదివారం పాతిక కిలోల బ్యాటరీ భుజాన వేసుకుని, గట్టుకీ పడవకీ మధ్య వేసిన పలక మీద నడిచి, ముందు పెట్టెలో ఉన్న పాత బ్యాటరీ తీసి ఇది పెట్టేవాణ్ణి. వెనక వైపు పలకలు ఎత్తి, గుంటలోకి చూడటానికి మొహం చెల్లేది కాదు. పడవలోంచి తెచ్చిన బ్యాటరీని దుకాణంలో చార్జరుకి తగిలిస్తే రెండు నిమిషాల్లో నిండిందని పచ్చ లైటు వెలిగేది. వారమంతా తిరిగిన బ్యాటరీ రెండు నిమిషాల్లో ఎలా నిండుతుంది? చార్జరు పాడైందని తిట్టుకున్నాను. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం పలక మీద నా నడుం పట్టేసింది. అక్కడికక్కడే ఎండలో వంగి నిలబడిపోయాను. వదిన వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఇక దాచడం నా వల్ల కాలేదు.

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతుంటే నేను గోడకి చేరగిలబడి మొత్తం చెప్పాను. రంధ్రం సంగతి, గట్టు మీద నోరు పారేసుకున్న సంగతి, బ్యాటరీ సంగతి. వచ్చేది అన్నయ్య కాదని, అది నా తప్పు చేస్తున్న చప్పుడని చెప్పాను. ఆమె ఒకే తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"అంటే ఇన్నాళ్లూ నేను మాట్లాడింది నీ రంధ్రంతోనా," అంది.

ఆమె ఆ తువ్వాలు నా చేతిలో పెట్టింది. "సరే, బాగుచెయ్యి. మూడింటికి ఒక్కసారి విననిచ్చి, తర్వాత ఆపెయ్యి."

నడుముకి తువ్వాలు బిగించుకుని రెండున్నరకి పడవలోకి దిగాను. మోకాళ్ల మీద కూర్చుని వెనక పలకలు ఎత్తాను.

గుంట పొడిగా ఉంది. అడుగున దుమ్ము పేరుకుంది, మూల సాలెగూడు ఉంది. నా రంధ్రం దగ్గర పైపుకి ఇత్తడి వాల్వు ఒకటి ఉంది. నేను పెట్టింది కాదు. గట్టిగా మూసి ఉంది, చుక్క నీరు లోపలికి రావడానికి లేదు. మోటారు తీగలు రెండూ విప్పేసి ఉన్నాయి. వాటి కొసలకి విడివిడిగా నల్ల టేపు చుట్టి ఉంది, కళ్లద్దాల కాడకి చుట్టినంత పొందిగ్గా. వాల్వు పిడికి ఒక చీటీ కట్టి ఉంది. అన్నయ్య చిన్న చిన్న అక్షరాలు. పడవ దింపిన మర్నాటి తేదీ. దాని కింద, "మూసే ఉంచాలి. ఇంజనీరుకి చెప్పొద్దు."

ఆ పలకలు ఎత్తి చూసేవాళ్ల కోసం రాశాడు. నాలుగేళ్లకి ఎత్తింది నేను.

అయితే రోజూ ఆ అరగంట నీళ్లు తోడలేదు. తోడటానికి నీళ్లే లేవు. ఊరికే కూర్చున్నాడు. నేనెప్పుడైనా గట్టు దిగి వస్తానేమోనని కూర్చున్నాడో ఏమో, నాకు తెలియదు. చార్జరు కూడా పాడవలేదు. మూడు నెలలుగా నేను నిండు బ్యాటరీ తీసి నిండు బ్యాటరీ పెడుతున్నాను. ఈ మోటారుకి నాలుగేళ్లుగా కరెంటే లేదు. ఆ మాట తట్టాక అరచెయ్యి మోటారు మీద పెట్టి చూశాను.

మూడయింది. గుర్రుమంది.

నా అరచెయ్యి మోటారు మీదే ఉంది. మోటారు చల్లగా, కదలకుండా ఉంది. చప్పుడు మాత్రం ఆ గుంటలోంచే, నా మోకాళ్ల ముందునుంచే వస్తోంది. సాలెగూడు కూడా ఊగలేదు. తలెత్తి చూస్తే వదిన కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడాల్సింది నేనని నాకు అర్థమైంది.

"అన్నయ్యా, రంధ్రం కిందికి పడింది. తప్పు నాదే," అన్నాను.

నిమిషం నిండకుండానే, మధ్యలో, చప్పుడు ఆగిపోయింది. కాలవ నీళ్లు పడవకి తగులుతున్న సవ్వడి తప్ప ఏమీ లేదు. నేను అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆపేశావా అని వదిన కిటికీలోంచి అడిగింది. అవునంటే సరిపోయేది. చెయ్యని రిపేరు చేశానని చెప్పుకోవడం నాకు కొత్త కూడా కాదు. కానీ నోరు రాలేదు. లోపలికెళ్లి చీటీ చేతిలో పెట్టి, వాల్వు సంగతి, తీగల సంగతి, నేనన్న మాట, అన్నీ చెప్పాను. అన్నయ్య చేసిచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని ఆమె ఆ చీటీ రెండుసార్లు చదివింది.

"అయితే ఆయన వచ్చింది నీ కోసం," అంది. "నా కోసం కాదు."

చీటీ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు మూడింటికి చప్పుడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను రోజూ వెళ్లి కూర్చున్నాను. వదిన కంచం కిటికీ దగ్గర పెట్టుకునేది, నాలుగింటికి అలాగే తీసుకెళ్లి మూత పెట్టేది. నా మనసుకి తేలికైన కొద్దీ ఆమె చిక్కిపోతోంది. తొమ్మిదో రోజు నన్ను చూడకుండానే అంది, "ఇంజనీరూ, ఆ వాల్వు తెరువు. తీగలు కలుపు."

"వదినా, అది ఉత్త మోటారు. తిరిగినా అన్నయ్య కాడు," అన్నాను.

"తెలుసు. నీ రంధ్రమేగా. తెరువు."

పలకలు ఎత్తాను. అన్నయ్య చుట్టిన టేపు గోటితో విప్పి, తీగలు కలిపి, వాల్వు తిప్పాను. కాలవ నీళ్లు నా రంధ్రంలోంచి బుడబుడమంటూ వచ్చి దుమ్మునీ సాలెగూడునీ తడిపాయి. బిళ్ల లేచింది. మోటారు గుర్రుమంది, ఈసారి నా చేతి కింద వణుకుతూ. ఆగింది. నీళ్లు వచ్చాయి. మళ్లీ తిరిగింది.

కిటికీలో కంచం చప్పుడైంది. "గ్యాస్ రేపు వస్తుందట," అంది వదిన, నాతో కాదు. "పక్కింటావిడ గిన్నె ఇచ్చింది. సొట్ట పడేసి మరీ ఇచ్చింది." ఆమె చెబుతోంది, నా తప్పు ఊఁ కొడుతోంది.

ఇప్పుడు మోటారు పగలూ రాత్రీ తిరుగుతుంది. ఆమె మాత్రం మూడింటికే కూర్చుంటుంది. నేను నాలుగు రోజులకోసారి చక్రాల బండి మీద బ్యాటరీ తెచ్చి మారుస్తున్నాను. అది ఇప్పుడు నిజంగానే అయిపోతోంది. చార్జరుకి తగిలిస్తే పచ్చ లైటు వెలగడానికి తెల్లారిపోతుంది.