చీమ లేని డాక్టరు

చిట్టికి దవడపన్ను పుచ్చింది. పాలపన్నే అయినా, దానంతటది ఊడేదాకా ఊరుకుందామంటే ఇంకా నాలుగేళ్లు. ఎవరికి చూపించాలో తల్లికి తేలడం లేదు. ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం భర్తది. ఫోనులో అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఈ మధ్య అన్నిటికీ అదే మాట. ఇష్టమంతా ఆమెదే, ఇంట్లో మనిషి మాత్రం లేడు.

ఆమె మనసు పాత డాక్టరుగారి వైపే. ఇంటిల్లిపాదికీ పళ్లు చూసిన మనిషి. ఆమె పాలపళ్లు పీకిందీ, వాళ్లమ్మకు కట్టుడుపళ్లు పెట్టిందీ ఆయనే. అమ్మ పోయాక కూడా, కుర్చీ వెనక్కి వాలుస్తూ, "నోట్లో దూది కుక్కినా మీ అమ్మ మాట ఆపేది కాదే, పిడుగా" అంటారు. అమ్మను తలుచుకునే నోరు, తనను పిడుగా అని పిలిచే నోరు, ఇప్పుడు అదొక్కటే.

అందుకే ముందు అక్కడికే తీసుకెళ్లింది. ఆయన సూదిని వీపు వెనక దాచి, చీమ కుట్టినట్టు ఉంటుందంతే అన్నారు. చిన్నప్పుడు ఆమెకూ అదే చెప్పారు. చిట్టి నోరు మూసేసింది. ఆయన బుజ్జగించారు, ఆమె బతిమాలింది, ఆఖరికి గదిమింది. ఆ పెదాలు విడితే ఒట్టు. వచ్చే వారం రమ్మన్నారాయన. ఈసారి కాళ్లు నువ్వు పట్టుకుందువుగాని అని నవ్వారు.

బస్సులో చిట్టి బుగ్గ పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, కుట్టాక ఆ చీమ బయటికెలా వస్తుంది?"

తల్లికి నవ్వొచ్చింది. పిల్ల మొహం చూసి ఆగింది. చీమ లేదనీ, అది ఊరికే అనే మాటనీ చెప్పింది.

"మరి తాతగారు అబద్ధం చెప్పారా?"



మర్నాడు ఆమె పాత డాక్టరుగారికి ఫోను చేసి, పిల్లల పళ్ల డాక్టరుకు చూపిస్తానంది.

"అయితే నేను పెద్దాళ్ల డాక్టర్నన్నమాట. మరి నువ్వెప్పుడు పెద్దదానివయ్యావే?" అన్నారాయన. "పోనీలే, పిల్ల ముఖ్యం" అని ఫోను పెట్టేశారు.

ఆమె పళ్లు రాయిలా ఉన్నాయి. ఆయన గుమ్మం తొక్కడానికి ఇంక సాకు కూడా లేదు.

పిల్లల డాక్టరు పాతికేళ్లు దాటిన అమ్మాయి. సూదిని చిట్టికి ఎదురుగానే పట్టుకుంది.

"ఇది సూది. కాస్త నొప్పి పుడుతుంది, తర్వాత మొద్దుబారుతుంది. ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తు, ఆపేస్తాను."

చిట్టి ఆ సూదిని కాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

"మీరు బయట కూర్చోండమ్మా. తను చెప్పుకోగలదు," అంది డాక్టరు తల్లితో.

బయట అన్నీ పిల్లల కుర్చీలే. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒకదాంట్లో ఒదిగింది. చెవులు రిక్కించింది. ఏడుపు వినబడితే లేచి లోపలికి వెళ్లొచ్చు.

వినబడలేదు.