పిలుపులక్కకు రాని పిలుపు

సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే పంచిపెట్టే ఓపెన్ సోర్స్ వాళ్ల ఏడాది సభకు మాట్లాడేవాళ్లను పిలిచే పని ఆమెది. అందుకే అందరూ ఆమెను పిలుపులక్క అనేవారు. ఫోన్ చేసిందంటే కాదనిపించుకునేది కాదు. "నాకు తీరిక లేదమ్మా" అన్నవాడి నోటితోనే తారీఖు చెప్పించేది. "నేనేం మాట్లాడతానండీ, పదిమందిలో నాకు నోరు పెగలదు" అని నసిగే కొత్తవాళ్లకు, "మీరు రాసిన ప్రోగ్రాం గురించి మీకన్నా ఎవరికి తెలుసు? ఇంట్లోవాళ్లకు చెప్పినట్టు చెప్పండి, చాలు" అని ధైర్యం నూరిపోసేది. వాళ్లు స్టేజి ఎక్కి, చప్పట్లు కొట్టించుకుని దిగేవారు. ఆమె హాలు చివర గోడకు ఆనుకుని, తరువాత మాట్లాడవలసినవాళ్లు వచ్చారో లేదో అని ఫోన్ చూసుకుంటూ ఉండేది.

పగలు ఒక బీమా కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. సాయంత్రాలు మాత్రం, చూపులేని వాళ్లకు తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఒక సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చేసింది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూసి బాగుచేయవచ్చు. అందులో తప్పులు పట్టడంలో ఆమెది డేగకన్ను. ఎలా వాడాలో చెప్పే పేజీల్లో సగానికి పైగా ఆమె రాసినవే. అయినా ఇన్నేళ్లలో "ఈసారి మీరు మాట్లాడండి" అని ఎవరూ అనలేదు. పిలిచే మనిషిని పిలవాలని ఎవరికి తోస్తుంది? తనంతట తాను అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. అడుక్కుని ఎక్కే స్టేజీ ఒక స్టేజేనా అనుకునేది.

మరిదికి పెళ్లయి తోడికోడలు మేడమీది వాటాలోకి వచ్చాక, ఆ పిల్లకు ప్రోగ్రాములు రాయడం వచ్చని తెలిసి ఈ పనిలోకి దింపింది కూడా పిలుపులక్కే. చేసిన మార్పు ఎలా పంపాలో, ఎవరైనా తప్పులెన్నితే మొహం మాడ్చుకోకుండా ఎలా జవాబు రాయాలో, అన్నీ వంటింటి బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. చిన్నకోడలు అల్లుకుపోయే రకం. చూస్తుండగానే ఆరితేరింది.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక పాత జబ్బు ఉండేది. పదిహేను వందలు అని అంకెల్లో రాస్తే "ఒకటి, అయిదు, సున్నా, సున్నా" అని చదివేది. ఫోన్ నంబరు ఇస్తే కోట్లలోకి వెళ్లిపోయేది. ఈ సంగతి మొదట పట్టుకుని, ఎక్కడెక్కడ ఎలా తప్పు చదువుతోందో రాసిపెట్టి, బాగుచేయమని ఏళ్ల తరబడి పోరింది పిలుపులక్క. ఒక వేసవంతా కూర్చుని దాన్ని బాగుచేసింది చిన్నకోడలు. అంతే, ఆ రోజు నుంచి ఎక్కడ విన్నా ఆ పిల్ల మాటే. ఊరూరి సభలవాళ్లు పిలవడం మొదలుపెట్టారు. అవన్నీ చిన్న చిన్న సభలే కానీ, వాటి ఫోటోలు ఇంటికొచ్చేవి.

అత్తగారు ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మురిసిపోయేది.

"చూశావా పెద్దమ్మాయ్, మైకు పట్టుకుని ఎంత బాగుందో చిన్నది! నీ ఫోటో ఎప్పుడూ వేయరేమే?"

"నేను ఫోటోలో ఉండేదాన్ని కాదు అత్తయ్యా. ఫోటోలో ఉండేవాళ్లను తెచ్చేదాన్ని."

"ఓహో, ఆటోలోనా?"

పిలుపులక్క వెళ్లి గిన్నెలు తోమింది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. రోగం కనిపెట్టింది ఒకరైతే, పేరు మందు పోసినవాళ్లకా? అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అనుకోవడం మానలేకపోయింది.

ఆ ఏడాది సభ పెట్టే సంఘం ఎప్పటిలాగే కాలేజీ లైబ్రరీలో చిన్న గదిలో కూర్చుంది. సంఘానికి పెద్ద ఒక లెక్చరర్. అంతా తేలాక ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "మొదటి ప్రసంగం ఈసారి మీ తోడికోడలి చేత చేయిద్దామమ్మా. అందరి మాటా అదే. పిలవడం ఎలాగూ మీ చేతిలో పనే. మెట్లెక్కితే సరిపోతుంది కదా!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. 

మెట్లెక్కలేదు. ఇవాళ తలనొప్పి అనుకుంది, రేపు పని ఉందనుకుంది. చిన్నకోడలు రోజూ కిందికి వస్తూనే ఉంది, పెరుగు తోడుకు, కత్తెరకు, ఉత్తి కబుర్లకు. ప్రతిసారీ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది.

ఒక రోజు లెక్చరర్ ఫోన్ చేశాడు. "అడిగారా అమ్మా?"

"అడిగానండీ." తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "భయపడుతోంది. చిన్న సభలంటే సరే కానీ, ఇంత పెద్ద హాలంటే వణుకట. బలవంతం చేయడం ఎందుకని..."

"అయ్యో. మీరు చెప్పినా వినలేదంటే ఇంకెవరు చెప్తారు! అయితే ఎవర్ని పిలుద్దామంటారు?"

 అటునుంచి "మీరే మాట్లాడండి" అనే ఆ ఒక్క మాట వస్తుందేమోనని ఆమె చెవి ఫోన్‌కు నొక్కుకుంది.

"ఆఁ, గుర్తొచ్చింది," అన్నాడాయన. "దారులు చూపే పటాల సాఫ్ట్‌వేర్ చేసే ఆ గడ్డపాయన లేడూ, ఆయన్ను పిలవండి. మీరు అడిగితే కాదనడు."

గడ్డపాయనకు ఆమే ఫోన్ చేసింది. ఆయన కాదనలేదు. తాను తినలేదు, ఇంకొకరిని తిననివ్వలేదు అన్నట్టయింది వ్యవహారం.

సభ రోజు పొద్దున చిన్నకోడలు పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు మెడలో వేసుకునే కార్డులు ఇస్తోంది. ఈసారి తనకు పిలుపు రానందుకు ఎవరితోనూ ఏమీ అనలేదు. అక్క ముభావంగా ఉంటోందని కొన్నాళ్లుగా కబుర్లకు కిందికి రావడం మాత్రం తగ్గించింది. లెక్చరర్ కార్డు కోసం వచ్చి, ఆప్యాయంగా బల్లమీదికి వంగాడు.

"అంత భయమేమిటమ్మా నీకు? మీ అక్క ఎంత చెప్పినా వణుకన్నావట. వచ్చే ఏడైనా ధైర్యం తెచ్చుకో."

చిన్నకోడలి చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది. "నన్నెవరూ అడగలేదండీ," అంది.

పక్కనే నీళ్ల సీసాలు సర్దుతున్న పిలుపులక్క వైపు ఇద్దరూ చూశారు. ఆమె తల దించుకుని ఇంకో సీసా అందుకుంది. లెక్చరర్ కార్డు తీసుకోకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

చిన్నకోడలు ఆమె మోచెయ్యి పట్టుకుని నడవా చివర టీ బల్ల దగ్గరికి తీసుకెళ్లింది.

"ఎందుకక్కా?"

పిలుపులక్క బల్లమీది టీ కప్పులను ఒకదాంట్లో ఒకటి దూర్చసాగింది.

"నువ్వు మాట్లాడాలనుకున్నావా? ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదా. నేనే వద్దని, అక్కకి ఇవ్వండని వాళ్లతో చెప్పేదాన్ని."

"అందుకే చెప్పలేదు," అంది పిలుపులక్క.  "నీ పళ్లెంలోది తీసి నాకు పెడితే నేను తినాలా? నేను నేర్పిన పిల్లవి నువ్వు."

"నేర్పావని నా నోరు కూడా నీదేనా? భయమని నా తరఫున నువ్వే చెప్తావా?" చిన్నకోడలి కళ్లు ఎర్రబడ్డాయి. "నేనేం తప్పు చేశానో అని ఇన్నాళ్లూ నిద్రపట్టక చచ్చాను. మా ఆయన్ని కూడా అడిగాను, అక్క నాతో ఎందుకలా ఉంటోందని."

పిలుపులక్క చేతులు కట్టుకుని నేల చూసింది.  లోపల గడ్డపాయన ప్రసంగం మొదలైనట్టుంది, నవ్వులు వినిపించాయి.

ఆ తరువాత లెక్చరర్ ఆమెను ఏమీ అనలేదు. "పిలుపుల పని కొన్నాళ్లు వేరేవాళ్లు చూస్తారులెండి," అని మాత్రం అన్నాడు. ఆ మాట చెంపదెబ్బ కన్నా ఎక్కువే తగిలింది. ఇంట్లో తోడికోడళ్ల మధ్య అవసరమైన మాటలే మిగిలాయి. నీళ్లొచ్చాయా, తాళంచెవి ఏది, అంతే. అత్తగారికి ఏమీ అంతుపట్టక, "మీరిద్దరూ ఇంత మర్యాదగా ఉంటే నాకు భయంగా ఉందే," అంది. ఒక ఆదివారం పిలుపులక్క మెట్లెక్కి, మేడమీద బట్టలు ఆరేస్తున్న తోడికోడలి దగ్గర నిలబడి, "తప్పు చేశాను" అంది. చిన్నకోడలు దుప్పటి ఒక కొస ఆమె చేతికిచ్చి, "ఇది పట్టుకో" అంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పిండారు. ఆ రోజుకు అంతవరకే.

మరుసటి ఏడు సభ ప్రకటన వచ్చింది. మాట్లాడదలచినవాళ్లు ఎవరైనా విషయం రాసి పంపవచ్చని అందులో ఎప్పుడూ ఉండే వాక్యమే ఉంది. ఆ వాక్యాన్ని ఎంతమందికి చదివి వినిపించిందో ఆమెకే లెక్క లేదు. ఈసారి తనకు తాను చదువుకుంది. అడుక్కోవడం కాదిది, తలుపు తీసే ఉంది, నేనే గడప దాటలేదు అనుకుంది. "తప్పు పట్టడం కూడా పనే" అని పైన పెట్టి, కింద నాలుగు ముక్కలు రాసి పంపింది.

సభ రోజు ఆమెకు మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరికీ కునుకు వచ్చే వేళ, చిన్న గది ఇచ్చారు. అదే సమయానికి పెద్ద హాల్లో చిన్నకోడలి ప్రసంగం. గదిలో కుర్చీలు సగం ఖాళీ. ఇన్నాళ్లూ అందరికీ నూరిపోసిన ధైర్యం ఆమెకు మాత్రం అందలేదు.  ఎలాగో మొదలుపెట్టింది. ఇంతలో గోడ అవతల నుంచి చప్పట్లు ఉరిమినట్టు వినిపించాయి. మాట తెగిపోయింది. ఆ పాత ఉక్రోషం మళ్లీ రాజుకుంది. చెవి గోడవైపే ఉండిపోయింది.

ముందు వరసలో చేతికర్రతో కూర్చున్న ఒక చూపులేనామె అడిగింది: "అంకెలు తప్పు చదివేదన్నారు కదా, మరి తారీఖుల సంగతేంటండీ? మా ఇంట్లో దానికి ఏ ఏడో, ఏ నెలో తెలియడంలేదు."

"అదా!" అంది పిలుపులక్క. "అది ఇంకో కథ. ఎలా చదువుతోందో ఒకసారి చెప్పండి." ఆమె చెప్పింది, వెనక నుంచి ఇంకొకరు అందుకున్నారు. ఆ మాటల్లో పడి, గోడ అవతల ప్రసంగం ఎప్పుడు అయిపోయిందో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం ఇద్దరూ ఒకే ఆటోలో ఇంటికి బయలుదేరారు. చాలాసేపటికి చిన్నకోడలు అడిగింది: "ఎంతమంది వచ్చారు?"

"పదిమంది దాకా. నీకు?"

"హాలు నిండింది."

"సగమే నిండిందని ఒక అబద్ధం చెప్పచ్చు కదా."

"అదొక్కటే నువ్వు నాకు నేర్పలేదక్కా."

పిలుపులక్కకు చురుక్కుమంది, నవ్వూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పడం కష్టం. ఆటో వాడు అద్దంలోంచి చూస్తున్నాడు. ఆమె సంచీ ఒళ్లోకి తీసుకుని, తోడికోడలు సర్దుకుని కూర్చోవడానికి కాస్త జరిగింది.

"ఆ తారీఖుల సంగతి ఒకటుంది," అంది. "రేపు చూద్దామా?"

"ఎల్లుండి. రేపు నన్ను ఇంకో సభకు పిలిచారు," అంది చిన్నకోడలు.