తేటపడ్డ నీళ్లు

జలాశయం గట్టు పక్కనే ఫిల్టర్ హౌస్. అక్కడ ఆపరేటరుగా అతనికిది పంతొమ్మిదో ఏడు. ఆ ఏడు వాన రాలేదు. నీటిమట్టం పదకొండు అడుగులు పడిపోయింది. నీటి మీద పచ్చగా తెట్టు కట్టింది. కుళాయిల్లో రంగు రాలేదు గానీ వాసన వచ్చింది.

వీధి మలుపులో బావమరిది రోజూ ఆపేవాడు.

"ఏం బావా, మాకు పంపేది నీళ్లా, నాచు కషాయమా? కషాయమైతే చెప్పు, చెంచాతో తాగుతాం."

ఇంట్లో భార్య నవ్వలేదు. "నీళ్ల వాసన గురించి అందరూ నన్నే అడుగుతున్నారు. నలుగురిలోకి వెళ్లాలంటే తల కొట్టేసినట్టుంది" అంది.

సోమవారం సాయంత్రం అతను పడవకు రెండు గోనెసంచులు కట్టాడు. వాటిలో మైలుతుత్తం. పడవ తిరుగుతుంటే అది నీళ్లలో కరుగుతుంది, నాచు చస్తుంది. ఊరికి నీళ్లు వదిలే వాల్వు పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. మైలుతుత్తం వేస్తే నాలుగు రోజులు వాల్వు మూయాలి, రక్తం శుభ్రం చేయడానికి ఊరి నీళ్లే వాడే డయాలసిస్ సెంటరుకు ఫోన్ చేయాలి అని రాసి, కింద నంబరు వేశారు. కిందటిసారి వాల్వు మూసినప్పుడు జనం ఖాళీ బిందెలతో గేటు మీదికి వచ్చారు. అతను మూయలేదు. మూయనివాడు ఫోన్ చేసి ఏం చెబుతాడు? అదీ చేయలేదు.

బుధవారానికి తెట్టు పోయింది. నీళ్ల అడుగున మెట్లు కనిపించాయి. "నీ హస్తవాసి మంచిది బావా" అన్నాడు బావమరిది. అతను కాదనలేదు.

గురువారం ఉదయం ఏడుంపావుకు ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసింది.

"బాబాయ్, పోయినవారం శాంపిల్ రిపోర్టొచ్చింది. ఆ నాచు విషం పుట్టించే రకం. బతికున్నంతసేపు విషం చాలావరకు దాని ఒంట్లోనే ఉంటుంది, మన ఫిల్టర్లు దాన్ని పట్టేస్తాయి. చచ్చిందంటే పగిలి నీళ్లలో కలిసిపోతుంది. అప్పుడు ఫిల్టరు ఆపదు, మరగబెట్టినా పోదు. మీరు మైలుతుత్తం జోలికి మాత్రం పోకండి."

"అలాగేనమ్మా."

"ఇప్పుడెలా ఉంది తెట్టు?"

"అలాగే ఉందమ్మా."

ఫోన్ పెట్టేసి వాల్వు మూశాడు. ఊళ్లో ట్యాంకులు అప్పటికే నిండి ఉన్నాయి. కాగితం ముందు నిలబడి ఒక నంబరు నొక్కాడు. కాగితం మీదిది కాదు, అక్కది. ఆవిడకు మూత్రపిండాలు చెడి నాలుగేళ్లయింది. సోమవారం, గురువారం తొమ్మిదింటికి సెంటర్లో ఆవిడ వంతు.

"అక్కా, ఇవాళ వెళ్లకు. మిషన్లు రిపేరట."

"నీకెవరు చెప్పార్రా?"

"తెలిసినవాళ్లు."

తొమ్మిదీ ఇరవైకి అక్కే ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీ తెలిసినవాళ్ల నోట్లో మన్ను పొయ్య. సెంటరుకు ఫోన్ చేస్తే మిషన్లన్నీ బాగున్నాయన్నారు. నేను వెళ్లేసరికి ఆలస్యమవుతుందని నా వంతు ఇస్త్రీ షాపావిడకి ఇమ్మన్నా. ఖాళీ దొరుకుతుందేమోనని పొద్దున్నే వచ్చి కూర్చుందట పాపం. మిషను మీదికి ఎక్కించేశారు."

అతను సెంటరు నంబరు నొక్కాడు. ఎవరూ ఎత్తలేదు. స్కూటరు తీశాడు. ఎనిమిది నిమిషాల దారి.

హాల్లో ఆరు కుర్చీలు, ఆరుగురు మనుషులు. ఇస్త్రీ షాపావిడ మూడో కుర్చీలో ఉంది.

"మీ అక్క చల్లగా ఉండాలి బాబూ" అంది అతన్ని చూసి.

అతను టెక్నీషియను దగ్గరికి వెళ్లాడు. "మిషన్లు ఆపండి. నీళ్లలో విషం కలిసింది."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం సాయంత్రం మైలుతుత్తం వేశాను."

"మాకు ఫోన్ చేయాలిగా?"

"చేయాలి."

"ఇంజనీరు గారికి చెప్పారా?"

"ఇంకా లేదు."

టెక్నీషియను ఒక్కో మిషనూ ఆపుతూ వెళ్లాడు. గొట్టాల్లోని రక్తం మనుషుల్లోకి తిరిగి వెళ్లడానికి టైము పడుతుంది. అందాకా ఎవరూ లేవడానికి లేదు. మాటలన్నీ అందరికీ వినపడ్డాయి.

"మరి మీ అక్కకి రావొద్దని ఎలా తెలిసింది?" అని అడిగింది ఇస్త్రీ షాపావిడ.

"నేనే చెప్పాను."

"ఎప్పుడు?"

"ఏడున్నరకి."

"ఏడున్నరకి నేనింకా ఇంటిదగ్గరే ఉన్నాను బాబూ."

టెక్నీషియను రిజిస్టరు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ముందు ఇంజనీరుకి చేసి ఊళ్లో సరఫరా ఆపించండి. తర్వాత నిన్నా మొన్నా వచ్చినవాళ్లకి. ఇరవై నాలుగు మంది. నేను వీళ్లని చూసుకోవాలి, మీరే చెప్పండి."

సెంటరు ఫోను మూడో కుర్చీ పక్కన బల్ల మీద ఉంది. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంజనీరుతో మాట్లాడటానికి నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత రిజిస్టరు తెరిచి మొదటి నంబరు నొక్కాడు.

"నేను ఫిల్టర్ హౌస్ ఆపరేటర్నండీ" అన్నాడు.

"గట్టిగా చెప్పు బాబూ" అంది పక్క కుర్చీలోంచి ఇస్త్రీ షాపావిడ. "వాళ్లకి సరిగ్గా వినపడాలిగా."