కదలని గీత

2003 మార్చిలో చిత్తూరు పక్కన ఒక చక్కెర ఫ్యాక్టరీలో కొత్త పవర్ ప్లాంటు మొదలైంది. చెరుకు ఆడగా మిగిలిన పిప్పిని బాయిలర్లో కాల్చి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి, ఫ్యాక్టరీ వాడుకోగా మిగిలిన పన్నెండు మెగావాట్లు గ్రిడ్‌కు అమ్మాలి. ఆ ఏడు వానల్లేవు. బోర్లు లోతుకు పోయేకొద్దీ మోటార్లు పెద్దవయ్యాయి, తిరుపతి లాడ్జీలన్నిటికీ ఏసీలు వచ్చాయి, కరెంటు మాత్రం ఉన్నంతే ఉంది. పల్లెలకు రోజుకు ఐదు గంటలు ఇస్తే గొప్ప, అదీ ముక్కలు ముక్కలుగా.

ఆ రోజు సాయంత్రం ఆరుకల్లా పన్నెండు మెగావాట్లూ ఇస్తామని జనరల్ మేనేజరు పైవాళ్ళకు మాటిచ్చాడు. అవి అందితే దగ్గరి నాలుగు పల్లెలకు రెండు గంటలు అదనంగా, మోటార్లు నడిచే త్రీఫేజ్ కరెంటు వదులుతామని సబ్‌స్టేషన్ వాళ్ళు చెప్పారు. ఆ మాట పట్టుకుని చిన్నబ్బ మధ్యాహ్నమే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. రెండెకరాల చెరుకు రైతు. బాయిలర్ అటెండెంటు ప్రేమానందానికి బామ్మర్ది.

"బావా, ఈ పొద్దన్నా నీళ్ళు పారకుంటే తోట చేతికి రాదు. కరెంటు ఇస్తారు గదా?"

"ఇస్తాం లేబ్బా. నువ్వు పోయి మోటారు కాడ ఉండు."

ప్రేమానందం చదివింది ఎనిమిదో తరగతి. కానీ పాత బాయిలర్ల దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. కొత్త ప్లాంటులో అతని పైన షిఫ్టు ఇంజనీరు గిరిప్రసాద్, తిరుపతి కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళు. ప్రేమానందాన్ని అన్నా అని పిలిచేవాడు.

ఐదుంబావుకు కంట్రోల్ రూములో లోడు తొమ్మిది మెగావాట్లకు చేరింది. గిరిప్రసాద్ ఒక చేత్తో ఫోను పట్టుకుని మేనేజరుకు అంకెలు చెబుతున్నాడు. ప్రేమానందం కంప్యూటర్ తెర వైపే చూస్తున్నాడు. ప్రెషర్ గీత వణుకుతోంది. వేడి గీతా వణుకుతోంది. నీళ్ళ మట్టం చూపించే గీత ఒక్కటే తాడు కట్టినట్టు తిన్నగా ఉంది.

"సార్, ఈ నీళ్ళ గీత ఎంతసేపట్నుంచి ఇట్లుండాది?"

"బాగానే ఉంది కదన్నా. సరిగ్గా సగంలో ఉంది."

"కాగే నీళ్ళు సార్ అవి. ఎసట్లో నీళ్ళే ఒక్కచోట నిలబడవు."

జవాబు కోసం ఆగకుండా బయటికి నడిచాడు. నాలుగు అంతస్తుల ఇనుప మెట్లు. పైన, బాయిలర్ నీళ్ళుండే డ్రమ్ముకు ఒక గేజి గ్లాసు, అంటే గాజు గొట్టం, ఉంటుంది. నీళ్ళు ఎక్కడిదాకా ఉంటే అక్కడ అందులో గీత కనబడాలి. ఏ గీతా లేదు. గ్లాసు నిండా నీళ్ళున్నా అట్లాగే కనబడుతుంది, చుక్క లేకున్నా అట్లాగే. ప్రేమానందం కింది కుళాయి తిప్పాడు. బుస్సుమని ఆవిరి వచ్చింది. ఆవిరే వచ్చింది. కుళాయి కట్టేసి, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయేమోనని చూశాడు. పది లెక్కపెట్టాడు. మళ్ళీ పది. ఎక్కలేదు.

వెనకాలే గిరిప్రసాద్ రొప్పుతూ వచ్చాడు.

"నీళ్ళు లేవు సార్."

గిరిప్రసాద్ గ్లాసు వైపు ఒకసారి చూశాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "ఫీడ్ పంపు ఫుల్లుగా..." అన్నాడో లేదో ప్రేమానందం అతని మణికట్టు పట్టేశాడు.

"వొద్దు సార్! లోపల గొట్టాలు ఎర్రగా కాలుంటాయి. ఇప్పుడు నీళ్ళు పోస్తే ఒక్కసారిగా పేలిపోతాది. కింద పదహారు మంది ఉండారు."

"మరేం చెయ్యాలన్నా?"

"మంట ఆపల్ల. పిప్పి ఆపు, గాలి ఆపు."

కంట్రోల్ రూము వాళ్ళు ఫోనును వాకీటాకీకి ఆనించినట్టున్నారు, మేనేజరు గొంతు మోగింది. "గిరీ, లోడు పెంచవేం? అరగంటే ఉంది!"

 గిరిప్రసాద్ ప్రేమానందం మొహంలోకి చూశాడు. తర్వాత బటన్ నొక్కాడు. "పిప్పి ఆపండి. ఫ్యాన్లు ఆపండి. టర్బైను ట్రిప్ చెయ్యండి. అందరూ గేటు బయటికి పొండి."

ఇద్దరూ మెట్లు దిగి గేటు చేరేలోగా టర్బైను హోరు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. పొయ్యి లోపలి ఇనుప పళ్ళెం మీద మిగిలిన పిప్పి మాత్రం ఇంకా కాలుతూనే ఉంది. అది ఆరేదాకా చేయగలిగింది ఏమీ లేదు. జనం గేటు బయట నిలబడి బాయిలర్ వైపే చూశారు. లోపల ఇనుము టక్కు టక్కుమన్నప్పుడల్లా ఒకరిద్దరు రోడ్డుకు అవతలికి జరిగారు. గంట గడిచింది. పొగగొట్టంలో పొగ పూర్తిగా నిలిచిపోయాకే ప్రేమానందం గేటు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. 

మేనేజరు జీపు దిగుతూనే అరిచాడు. "ఎవడు ఆపమన్నాడు?"

"నేనే సార్," అంటూ ప్రేమానందం లేచాడు.

గిరిప్రసాద్ అడ్డం వచ్చాడు. "ఆర్డరిచ్చింది నేను సార్. అంతకుముందు నీళ్ళు వదలమనబోయింది కూడా నేనే. ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి మనం ఇట్లా మాట్లాడుకుంటున్నాం."

మర్నాడు చల్లారాక తెరిచి చూస్తే పదకొండు గొట్టాలు ఉబ్బి ఉన్నాయి. మట్టం చూపించే మీటరు గొట్టం మూసుకుపోయింది. ప్రమాదమొస్తే బాయిలర్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటూ ఆ మీటరు మీదే ఆధారపడింది. రిపేరుకు పన్నెండు రోజులన్నారు. మేనేజరు ప్రేమానందాన్ని తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

మూడో రోజు ప్రేమానందం చిన్నబ్బ తోటకు పోయాడు. ఆకుల కొసలు మాడి తెల్లబడ్డాయి. జరిగిందంతా చెప్పాడు. చిన్నబ్బ నేల వైపు చూస్తూ విన్నాడు.

"పేలుంటే నువ్వు గూడా పోయుంటావా బావా?"

"ముందు నేనే."

"అక్కకు చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దులే." చిన్నబ్బ మాడిన ఆకొకటి తుంచాడు. "నువ్వు చేసింది సరే బావా. నా చెరుకైతే పోయింది."

 ప్రేమానందం చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, కత్తి అందుకున్నాడు. పొద్దు గూకేదాకా ఇద్దరూ కలిసి బాగా ఎండిన అరెకరం కొట్టి, పశువుల మేతకు కట్టలు కట్టారు. మిగిలిన ఎకరన్నరలో, ప్లాంటు మళ్ళీ నడిచి కరెంటు వచ్చేనాటికి, సగం బతికింది.