బండి ఱ

ఏటి అడుగున నాగటి చాళ్ళున్నాయి, వాటి మీదుగా నీళ్ళు పిక్కల లోతున పారుతున్నాయి, నడిచేకొద్దీ ఏరు పొలమవుతోంది, పొలం మళ్ళీ ఏరవుతోంది, కోటిలింగానికి అదేమీ వింతగా తోచడం లేదు. ముందు నడుస్తున్నది నాంచారమ్మ. నిన్న సాయంత్రం పోయిందని కబురొచ్చిన నాంచారమ్మే, కాని పరికిణీ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పెళ్ళికాని పిల్లలా నడుస్తోంది.

"ఏం అన్నయ్యా, ఇంత ఆలీసెం చేశావ్?"

"ఆ పిలుపు మానెయ్ నాంచారీ. మనం అన్నాచెల్లెళ్ళం కాదు."

ఇద్దరి ఇంటిపేరూ ఏరుల. ఒకే ఇంటిపేరువాళ్ళకి పెళ్ళేమిటని పెద్దలు ఆనాడు ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆమెను పక్క ఊరికిచ్చారు, ఇతనికి వేరే సంబంధం చూశారు. ముసలితనంలో తమ వంశం కూపీ లాగుతూ ఊరూరా తిరిగిన కోటిలింగం నిరుడు ఆమె ముత్తాత తవ్వించిన నుయ్యి చూశాడు, దాని ఒర మీది రాయి చదివాడు, ఆమెకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"మీ నూతి రాయి మీద బండి ఱ ఉంది. మీది నీళ్ళు పారే ఏఱు. మాది మామూలు ర, పొలం దున్నే ఏరు. పలకడానికే ఒకటి."

"ఆ అచ్చరం మనకి చెప్పలేదుగా మేస్టారు?"

"ఇప్పుడెవరూ రాయట్లేదులే అని ఎగరేశాడు."

ఆమె విరగబడి నవ్వుతోంది, ఆ నవ్వుకి నీళ్ళు చాళ్ళలోంచి పొర్లి ఇద్దరి మధ్యకీ వస్తున్నాయి.

"బానే ఉంది! ఆ ఒక్కటీ దిద్దించుంటే ఈ పాటికి నీ ఇంట్లో కూచుని నిన్ను సాధించుకు తినేదాన్నిగా!"

"ఒక్కసారి బావా అను. ఇంకేం అడగను."

"ఇన్నేళ్ళు అన్నయ్యా అన్న నోరు. తిరగొద్దూ?"

అంటూనే ఆగి ఇటు తిరుగుతోంది, ముఖం ముసలిదవుతోంది, మళ్ళీ పిల్లదవుతోంది, నీళ్ళు వెడల్పవుతున్నాయి, ఆమె పెదవులు రెండూ కలిసి, మెల్లగా విడబోతున్నాయి.

"మావయ్యా!"

కోటిలింగం లేచి కూర్చున్నాడు. తెల్లారింది. గుమ్మంలో నాంచారమ్మ చిన్నకొడుకు నిలబడి ఉన్నాడు, కళ్ళు వాచిపోయి.

"పొద్దెక్కకుండా తీసుకెళ్ళాలంటున్నారు మావయ్యా. అమ్మకి పుట్టింటి చీర కప్పాలిగా. ఆ ఇంటిపేరోళ్ళు నువ్వు తప్ప ఎవరున్నారు?"

కోటిలింగం లేచి నిలబడ్డాడు. కండువా తీసి దులిపాడు.

"పద నాయనా. దార్లో బట్టల కొట్టు తీయిద్దాం."